పాల్ నుంచి ఎన్‌టీఎస్‌సీకి మార్చిన పెళ్ళి వీడియో ఆగి ఆగి ఆడుతోంది, సరిచేయడం ఎలా?

ప్రశ్న:
1990ల నాటి పెళ్ళి క్యాసెట్. ఇండియాలో, అక్కడి టీవీ పద్ధతి పాల్‌లో తీసినది. అమెరికాలో చూసుకోవడానికి అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి మార్పించిన కాపీ ఒక్కటే మిగిలింది. కంప్యూటర్‌లోకి ఎక్కించాక, ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు, ఇంటర్లేస్డ్ అని ఉంది. కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతోంది. ఎడిటర్‌లో 25 ఫ్రేములకు ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇంకా అధ్వానమైంది. దారి చెప్పగలరా?

జవాబు 1:
ఆ 25 ఫ్రేముల ఫైలు పక్కన పడేయండి. ఏ ఫ్రేము అసలుదో, ఏది నకలో ఎడిటర్‌కు తెలియదు. గడియారం చూసి తీసేస్తుంది, అసలువి కూడా పోతాయి.

ఇంటర్లేస్డ్ వీడియోలో ఒక్కో ఫ్రేమూ రెండు ఫీల్డులు, అంటే సరి లైన్లతో ఒకటి, బేసి లైన్లతో ఒకటి, రెండు సగం బొమ్మలు. పాల్‌లో సెకనుకు 50 ఫీల్డులు, ఎన్‌టీఎస్‌సీలో 59.94. చవక కన్వర్టర్లు ఆ తేడా పూడ్చడానికి ప్రతి ఐదు ఫీల్డులకూ ఒకదాన్ని రెండోసారి వేస్తాయి. అంటే సెకనుకు దాదాపు పదిసార్లు కదలిక ఆగుతుంది. కొంచెం మంచి కన్వర్టర్లు రెండు ఫీల్డులను కలిపి కొత్తది తయారుచేస్తాయి. మీది ఏ రకమో ముందు తేల్చుకోవాలి.

వీడియో మార్చే ప్రోగ్రామ్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్‌తో ప్రతి ఫీల్డునూ ఒక ఫ్రేముగా విడదీయండి, 59.94 ఫ్రేముల ఫైలు వస్తుంది. తలంబ్రాల సీను పెట్టుకుని ఒక్కో ఫ్రేమే జరపండి. పడుతున్న బియ్యపు గింజ ఆరు ఫ్రేముల్లో ఒక్కసారి కదలకుండా నిలబడితే నకలు ఫీల్డులు. గింజ పక్కనే దాని నీడలాంటి ఇంకో గింజ మసకగా కనిపిస్తే కలిపేసిన ఫీల్డులు. గింజ కిందికి పడుతూ మధ్యలో పైకి ఎగిరితే అది వేరే జబ్బు: ఫీల్డుల వరస తప్పింది. పారిటీని (ఏ ఫీల్డు ముందో చెప్పే సెట్టింగ్) టాప్ నుంచి బాటమ్‌కు, లేదా అటు నుంచి ఇటు మార్చి మళ్ళీ విడదీయండి.

జవాబు 2:
పై మాటకు ఒక హెచ్చరిక. రెండు ఫీల్డులకు ఒక్క ఫ్రేమే ఇచ్చే మామూలు డీఇంటర్లేస్‌తో 29.97 దగ్గరే ఆగకండి. సగం ఫీల్డులు పోయి, కదలిక రెండడుగులు, రెండడుగులు, ఒకడుగు అన్నట్టు మిగులుతుంది. కుదుపు ఉంటుంది కానీ నకలు ఫ్రేము ఎక్కడా దొరకదు. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

నకలు రకమైతే, విడదీసిన ఫైలు మీద డెసిమేట్ ఫిల్టర్, సైకిల్ 6. ఆరింటిలో ముందుదానికి బాగా దగ్గరగా ఉన్న ఒకదాన్ని తీసేస్తుంది. 49.95 ఫ్రేములు వస్తాయి. క్యాసెట్ గీతల వల్ల నకళ్ళు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి ఎంపిక తప్పుతుంటే, పోలికకు వేరే కాపీ వాడనిచ్చే పీపీఎస్‌ఆర్‌సీ సెట్టింగ్‌ను 1 పెట్టి, గీతలు తగ్గించిన కాపీని పోలికకు, అసలు కాపీని ఫలితానికి ఇవ్వండి. అందరూ ఫొటోకి కదలకుండా నిలబడ్డ చోట తప్పు ఫ్రేము పోయినా కంటికి తెలియదు.

50 కాదు, 49.95 కావడంతో 20 సెకన్లకోసారి ఒక అసలు ఫ్రేము పోతుంది. పట్టించుకోనక్కర్లేదు. కానీ వేగం పెంచి 50 చేయొద్దు, మూడు గంటల క్యాసెట్‌లో సన్నాయికీ బొమ్మకూ దాదాపు 11 సెకన్ల తేడా వస్తుంది. ఎంపీడెసిమేట్ అనే ఇంకో ఫిల్టర్ జోలికీ పోకండి. కదలని చోటల్లా ఫ్రేములు తీసేసి, ఫైలును అస్థిరమైన ఫ్రేమ్ రేటుకు మారుస్తుంది.

జవాబు 3:
కలిపేసిన రకానికి డెసిమేట్ పనిచేయదు. ఏవిసింత్ అనే వీడియో ప్రోగ్రామ్‌లో క్యూటీజీఎంసీతో ఫీల్డులు విడదీసి, కలిసినవాటిని వేరుచేసే ఎస్‌రిస్టోర్‌ను 25 ఫ్రేములకు పెట్టాలి. అసలు సినిమా ఫిల్మ్ అయితే చక్కగా విడిపోతుంది. పెళ్ళి కెమెరాలో 50 ఫీల్డులూ వేర్వేరు క్షణాలు కాబట్టి నీడలు పూర్తిగా పోవు. అప్పుడు పాల్ క్యాసెట్ కోసం బంధువుల అటకలు వెతకడమే మేలు.

ప్రశ్న అడిగినవారు:
ఆరింటికి ఒకటి నిలబడుతోంది, నకలు రకమే. డెసిమేట్ చేశాను, 49.95 వచ్చింది. ఒక్కో ఫ్రేమూ జరిపితే గింజ ఎక్కడా ఆగట్లేదు. కానీ ల్యాప్‌టాప్‌లో ఆడిస్తే ఇంకా కొంచెం కుదుపు ఉంది.

జవాబు 2:
ఫైలు బాగానే ఉంది. ల్యాప్‌టాప్ తెర 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ వేస్తుంది, కాబట్టి అప్పట్లో కన్వర్టర్ చేసిన పనే ఇప్పుడు తెర చేస్తోంది, ప్రతి ఐదో ఫ్రేమూ రెండుసార్లు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు 50 ఉంటే దానికి మార్చండి, లేదా హెచ్‌డీఎంఐతో 50 హెర్ట్జ్ తీసుకునే టీవీకి పెట్టండి.