ఇంగ్లాండ్‌లో బాత్ ఊరికి పోతే ఏం చూడాల?

తిరుపతి కుర్రోడు:
అందరికీ నమస్తే, మా అక్క వాళ్ళు ఇంగ్లాండ్‌లో ఉన్నారు, వచ్చే నెల పోతాండా, బాత్ అనే వేడినీళ్ళ ఊరికి ఒక రోజు పోదామంటోంది. నాకు పాత కట్టడాలంటే ప్రాణం, చంద్రగిరి కోటకి పోతే సున్నం పని చూస్తా అక్కడే నిలబడిపోతా. ఏవి వదలకూడదో చెప్పండన్నా.

చిత్తూరు సివిల్:
రాయల్ క్రెసెంట్ తమ్ముడూ. చిన్న జాన్ వుడ్ అనే ఆర్కిటెక్ట్ 1767 నుంచి 1774 దాకా కట్టింది, నెలవంక లాగా వంపు తిరిగిన వరసలో 30 ఇళ్ళు. అందరూ ముందర ఫోటోలు దిగి పోతారు, నువ్వు మటుకు వెనక్కి పో. ముందు గోడ ఒకటే ఆయన డిజైన్, వెనకాల కొనుక్కున్నోళ్ళు ఎవరి మేస్త్రీతో వాళ్ళు కట్టించుకున్నారు, అందుకే ఎత్తులు, కిటికీలు దేనికదే. నాకైతే అదే బాగా నచ్చింది.

పాకాల అక్క:
సర్కస్ కూడా చూడు నాయనా, గుండ్రంగా ఉండే ఇళ్ళు. పెద్ద జాన్ వుడ్ 1754లో మొదలుపెట్టి ఆ ఏడే పోయినాడు, కొడుకు పూర్తి చేసినాడు. మూడు అంతస్తులకీ మూడు పాత గ్రీకు రకాల స్తంభాలు: కింద డోరిక్, మధ్యలో అయోనిక్, పైన కొరింథియన్. కింది స్తంభాల మీద పట్టీలో పాములు, ఓడ సామాన్లు ఎంత సన్నగా చెక్కినారో, తల ఎత్తి నిదానంగా చూడాల.

చిత్తూరు సివిల్:
అవునక్కా. ఇంకోటి, రోమన్ల కాలం నాటి స్నానాల కట్టడం ఉంది, రోమన్ బాత్స్ అంటారు, దాంట్లో నీళ్ళు 46 డిగ్రీల వేడితో ఊరతాయి కానీ స్నానం చేయనివ్వరు, చూసి రావాల్సిందే.