పసిబిడ్డకు జన్మపాపం: పౌలు మాటా, అగస్టీన్ మాటా?

ఒంగోలు సిస్టర్:
అందరికీ వందనాలు. మా అక్క బిడ్డ పుట్టిన మూడో రోజే పోయింది. వాళ్ళ సంఘంలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు, ఈ బిడ్డకు ఆ టైం దొరకలేదు. సమాధి దగ్గర ఒక పెద్దాయన "జన్మపాపంతోనే వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. అక్క ఇప్పటికీ ఆ మాటే తలుచుకుని ఏడుస్తోంది.

ఆదాము నుంచి మనకు మరణం, బలహీనత వచ్చాయంటే ఒప్పుకుంటాను. ఆదాము నేరానికి పసిబిడ్డ కూడా దోషి అనే బోధ మాత్రం ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్‌తోనే బలపడింది. పౌలు రాసిన రోమా 5:12లో "మనుష్యులందరు పాపము చేసినందున మరణము అందరికిని సంప్రాప్తమాయెను" అని మన తెలుగు బైబిల్లో ఉంది. ఆ "చేసినందున" దగ్గర గ్రీకులో "ఎఫ్ హో" అని ఉంటుంది. అగస్టీన్ చదివిన లాటిన్‌లో అది "ఇన్ క్వో" అయింది. దాన్ని ఆయన "అతనిలో", అంటే ఆదాములోనే అందరూ పాపం చేశారని తీసుకున్నారు. జన్మపాపం లేదన్న పెలాగియస్‌తో వాదం ముదిరాక, 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో కూడిన బిషప్పుల సభ అప్పుడే పుట్టిన బిడ్డకు కూడా పాపక్షమాపణ కోసమే బాప్తిస్మం అని తీర్మానించింది.

గుంటూరు లూథరన్:
సిస్టర్, మీ అక్కగారికి దేవుడు ఆదరణ ఇవ్వాలి. అక్కడ అనాల్సిన మాట కాదది. కానీ అంతా ఒక్క "ఇన్ క్వో" మీదే నిలబడిందంటే నేను ఒప్పుకోను. అగస్టీన్ పుట్టింది 354లో. అంతకు నూరేళ్ళ ముందే, అదే కార్తేజిలో బిషప్ సిప్రియన్, తోటి బిషప్ ఫీదుస్‌కు లేఖ రాశారు. బాప్తిస్మానికి సున్నతిలాగా ఎనిమిదో రోజు దాకా ఆగాలని ఫీదుస్ అంటే, 66 మంది బిషప్పుల సభ ఆగనక్కర్లేదంది. ఆదాము వంశంలో పుట్టినందువల్ల బిడ్డకు ఆ పాత మరణం అంటుకుందని ఆ లేఖలోనే ఉంది. ఒకడి అవిధేయత వల్ల అనేకులు పాపులయ్యారనే రోమా 5:19నీ, పాపంలోనే పుట్టాననే కీర్తన 51:5నీ ఏం చేస్తారు?

ఒంగోలు సిస్టర్:
బ్రదర్, అదే లేఖలో ఇంకో మాట ఉంది. బిడ్డకు క్షమించేది తన సొంత పాపాలు కాదు, మరొకరివి అన్నారు సిప్రియన్. ఆయన పట్టుపట్టింది దేవుని కనికరం ఎవరికీ ఆలస్యం కాకూడదని. ఇంకా వెనక్కి వెళ్తే, 200 ప్రాంతంలో అక్కడివాడే అయిన క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్, నిర్దోషమైన వయసుకు పాపక్షమాపణ కోసం తొందరెందుకని అడిగారు. కాబట్టి ఆఫ్రికా సంఘంలోనే ఒకే మాట లేదు.

సికింద్రాబాద్ క్యాథలిక్:
తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు వారసత్వంగా వచ్చేది మరణమే అంటాయి, నేరం అనవు. అయినా పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తాయి. పిల్లలకు పాపాలు లేకపోయినా బాప్తిస్మం ఇస్తున్నామన్న తూర్పు సంఘ బిషప్ క్రిసోస్తోము మాటనే, పెలాగియస్ పక్షాన వాదించిన ఎక్లానమ్ బిషప్ జూలియన్ అగస్టీన్ ముందు పెట్టారు. అక్కడ "పాపాలు" అంటే సొంతంగా చేసినవని అగస్టీన్ జవాబు. నాకది సరిపోయినట్టు అనిపించదు. మా సంఘంలో కూడా 2007లో వాటికన్ వేదాంత కమిషన్, బాప్తిస్మం లేకుండా చనిపోయిన బిడ్డలు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని రాసింది.

గుంటూరు లూథరన్:
జన్మపాపం మా ఒప్పుకోలులో ఉంది, దాన్ని వదలను. కానీ బిడ్డ మీద తీర్పు చెప్పే పని మనది కాదు, అది ఒప్పుకుంటాను.

ఒంగోలు సిస్టర్:
అక్కడిదాకా వచ్చారు, చాలు బ్రదర్. బాప్తిస్మం లేని బిడ్డలకు అతి తేలికైన శిక్ష ఉంటుందని రాసిన అగస్టీనే, 415లో బైబిల్ పండితుడు జెరోమ్‌కు రాసిన లేఖలో పసిబిడ్డల శిక్ష దగ్గరకు వచ్చేసరికి తనకు జవాబు తోచడం లేదని ఒప్పుకున్నారు. సమాధి దగ్గర ఆ పెద్దాయన ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఈ సంగతి రేపు అక్కకు చెబుతాను.