నవల రాతప్రతి ఎంత ఉండాలి?

ప్రశ్న: నవల 38,000 మాటలొచ్చింది. ఇంగ్లీషులో 80,000 అంటారు. సాగదీయాలా?

జవాబు 1: వద్దండీ, ఆ లెక్క మనకు కుదరదు. ‘ఇంట్లోకి’ మనకు ఒక్క మాట, వాళ్లకు మూడు. పేజీలు చూసుకోండి. డెమ్మీ సైజులో (నవలలకు మామూలుగా వాడే పుస్తకం సైజు) పేజీకి 28 లైన్లు, లైనుకు 7 మాటలు వేసుకున్నా 194 పేజీలు. సంభాషణలెక్కువుంటే ఇంకాస్త పెరుగుతుంది. నిండు నవలే.

జవాబు 2: ఫారానికి (అంటే అచ్చుకు వేసే ఒక పెద్ద కాగితానికి) 16 పేజీలు. టైటిలు, ముందుమాటకు 8 కలిపితే 202. 13 ఫారాల్లో (208) ఇమిడిపోతుంది. 210 అయిందా, ఆ రెండింటికోసం ఇంకో ఫారం దండగ! అప్పుడు అధ్యాయాల మొదట్లో ఖాళీ తగ్గించండి. అక్షరం సైజు జోలికెళ్లొద్దు, వత్తులు అలుక్కుపోతాయి.

జవాబు 3: యూనికోడ్ (నెట్‌లో, ఫోన్లలో టైపు చేసే తెలుగు) నుంచి అచ్చుపనిలో వాడే అనూ ఫాంటుకు మార్చాక మళ్లీ ప్రూఫు చూడాల్సిందే. పొల్లులు, సంయుక్తాక్షరాలు అక్కడే చెడేది.