కొండ గూడేలకు చరియల ముప్పు మ్యాప్: ఊరికో చుక్క పెడితే సరిపోతుందా?

హిమబిందు_ఉప్పల్:
అందరికీ నమస్తే. ఇక్కడ హైదరాబాద్‌లోనే జీఐఎస్‌లో (కంప్యూటర్‌లో మ్యాపుల పని) పీజీ చేస్తున్నా. ప్రాజెక్టుకి పాడేరు, చింతపల్లి వైపు గూడేలు తీసుకున్నా. జీఎస్ఐ (కేంద్ర భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల భూకోశ్ సైట్‌లో కొండచరియలు విరిగిపడే అవకాశం ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని చూపించే 1:50,000 మ్యాప్ ఉంది కదా, దాని మీద సెన్సస్ గ్రామాల పాయింట్లు వేసి, ఎరుపులో పడ్డ ఊళ్లకి ముప్పుంది, ఆకుపచ్చలో పడ్డవాటికి లేదు అని రాద్దామనుకున్నా. కానీ లోయలో ఉన్న ఊళ్లన్నీ దాదాపు ఆకుపచ్చలోనే వస్తున్నాయి. రేపు ఎవరైనా దీన్ని నిజంగా వాడితే ఏంటి పరిస్థితి అని టెన్షన్‌గా ఉంది.

రాతిపొర:
అలా రాసేయకండి మేడమ్. ఆ మ్యాప్ చరియ ఎక్కడ ఊడొచ్చో చెబుతుంది, ఊడింది ఎక్కడిదాకా వస్తుందో చెప్పదు. 2024 జులై 30న వయనాడ్‌లో సుమారు 1,550 మీటర్ల ఎత్తున ఊడింది, బురద, బండలు, చెట్లు అన్నీ కలిసి ఏటి వెంట దాదాపు 8 కిలోమీటర్లు దిగాయి. మన బాలానగర్ ఎన్ఆర్ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్లు ఉపగ్రహ చిత్రాలు చూసి తేల్చిన లెక్కే ఇది. అక్కడ దెబ్బతిన్న చూరల్‌మల ఊరు ఉన్నది కింద, ఏటి పక్కన. ఊరు ఉన్నచోట వాలు మాత్రమే చూస్తే అలాంటి ఊరు మీ లెక్కలోకే రాదు. ప్రతి గూడెం దగ్గర్నుంచి గెడ్డ (కొండవాగు) పట్టుకుని పైకి వెళ్లి, ఆ గెడ్డలోకి నీళ్లు దిగే కొండల్లో ఎరుపు ఉందేమో చూడండి. ఫ్లో-ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఎత్తుల డేటా ఇస్తే ఏ దారిన దిగొచ్చో గీసి చూపిస్తుంది.

జీఐఎస్_మియాపూర్:
ఇంకో సంగతి. సెన్సస్ పాయింట్ అంటే రెవెన్యూ గ్రామానికి ఒక్క చుక్క. ఏజెన్సీలో ఒక గ్రామం కింద కొండకొకటిగా ఎన్నో గూడేలు ఉంటాయి, ఆ చుక్క ఏ అడవి మధ్యలోనో పడొచ్చు. శాటిలైట్ బొమ్మల్లోంచి ఇళ్ల ఆకారాలు తీసిపెట్టిన గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ డేటా దించుకోండి. చెట్ల కింద పాకలు అందులో తప్పిపోతాయి కాబట్టి శాటిలైట్ బొమ్మ పెట్టుకుని మిగతావి చేత్తో గీయాల్సిందే, విసుగొచ్చినా సరే. 1:50,000లో ఒక మిల్లీమీటరంటే నేల మీద 50 మీటర్లు. 30 మీటర్ల గడికో ఎత్తు ఇచ్చే డెమ్‌లో (నేల ఎత్తుల డేటా) ఇంటి వెనక నిలువుగా కోసిన గట్టు కనపడనే కనపడదు. మహారాష్ట్రలో ఇర్షాల్‌వాడి 2023 జులైలో మట్టి కింద పోయింది, ముప్పున్న ఊళ్ల జాబితాలో దాని పేరే లేదు.

మన్యం_మనిషి:
మాది పాడేరు దగ్గరే, పని కోసం కూకట్‌పల్లిలో ఉంటున్నా. చెల్లెమ్మా, గీసింది పట్టుకుని వానలకి ముందే ఒకసారి ఊళ్లోకి వెళ్లు. ఘాట్ రోడ్డు కోసిన చోట్లు, ఇళ్ల వెనక గట్లు నడిచి చూడు. వాలు మీద కొడవలిలా వంగిన పగులు, పక్కకి ఒరిగిన చెట్లు, ఉన్నట్టుండి మట్టిరంగుకి మారిన ఊటనీరు కనిపిస్తే అక్కడే ఫోన్‌లో జీపీఎస్ పాయింట్ తీసుకో. గెడ్డ ఎంతవరకు పొంగింది, బండలు ఎక్కడ ఆగాయి అని పెద్దవాళ్లని అడుగు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తారు. బడి, అంగన్‌వాడీ కూడా గుర్తుపెట్టు, రాత్రి వాన ఎక్కువైతే జనం పోయేది అక్కడికే.

హిమబిందు_ఉప్పల్:
చాలా థాంక్స్ అన్నా, అందరికీ. చుక్కలు తీసేసి ఇళ్లు గీయడం మొదలుపెడతా. గెడ్డకి ఎంత దూరం లోపు ఉంటే ఎరుపు వేయాలి?

రాతిపొర:
దూరం ఒక్కటే పెట్టుకోకండి, ఇల్లు గెడ్డ మట్టానికి ఎంత ఎత్తులో ఉందో కూడా తీసుకోండి. పాతరోజుల్లో పైనుంచి కొట్టుకొచ్చిన బండల మేట మీద కట్టిన ఇల్లయితే, దూరంతో పనిలేదు, ఎరుపు వేసేయండి.