మారిషస్‌లో క్రియోల్ ప్రజలపై వివక్ష నిజమేనా?

ప్రశ్న: ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశమని మనం మారిషస్‌ను మెచ్చుకుంటాం. అదే దీవిలో ఆఫ్రికా బానిసల సంతతివారైన క్రియోల్ ప్రజలు ఉద్యోగాల్లోనూ పెళ్లి సంబంధాల్లోనూ చిన్నచూపుకు గురవుతున్నారని చదివి బాధ కలిగింది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: నిజమేనండీ. 1835లో బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం యజమానులకు పరిహారం చెల్లించింది గానీ, విముక్తులైనవారికి సెంటు భూమి కూడా ఇవ్వలేదు. చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వచ్చిన భారతీయులూ ఎన్నో బాధలు పడ్డారు. అయితే వారిలో కొందరు, యజమానులు తర్వాత ముక్కలుగా అమ్మిన పొలాలను కొనుక్కుని, పిల్లలను చదివించుకుని, 1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అధికారానికి చేరువయ్యారు. 1999 ఫిబ్రవరిలో క్రియోల్ గాయకుడు కయా పోలీసు నిర్బంధంలో మరణించగానే దీవి అంతటా అల్లర్లు చెలరేగడానికి ఈ పాత గాయం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

మరో జవాబు: పై మిత్రుల మాటకు ఒకటి చేరుస్తాను. రాజ్యాంగం ప్రజలను హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, మిగిలినవారంతా 'సాధారణ జనాభా' అని విభజించింది. క్రియోల్ కూలీ, అతని పూర్వీకులను బానిసలుగా ఏలిన ఫ్రెంచి యజమానుల వంశీకుడు ఇద్దరూ ఆ చివరి గడిలోనే ఉంటారు! ఇది నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మరి తెలుగువారు ఏ గడిలోకి వస్తారు?

జవాబు: హిందువులలోకే వస్తారండీ.