నీలం మీద రెండు పసుపు తాళ్లు: జెండాలు చదివేవాళ్ల జెండా బాగున్నట్టా, లేనట్టా?

జెండాకర్ర
నిన్న రాత్రి ఫోన్‌లో ఇంకేదో వెతుకుతుంటే ఫియావ్ జెండా కంటబడింది. తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. జెండాల మీద అధ్యయనం చేసే సంఘాలు చాలా దేశాల్లో ఉన్నాయి. వాటన్నిటినీ కలిపే అంతర్జాతీయ సమాఖ్య ఇది. దాని ఫ్రెంచి పేరులోని పొడి అక్షరాలే ఫియావ్. 1967లో స్విట్జర్లాండ్‌లోని రూష్లికోన్‌లో జరిగిన రెండో మహాసభలో దీనికి పునాది పడింది, 1969లో బోస్టన్‌లో లాంఛనంగా ఏర్పడింది. జెండా మాత్రం 1967 నాటిదే. గీసినాయన నెదర్లాండ్స్‌కు చెందిన క్లాస్ సియెర్క్స్‌మా.

ఆ జెండా ఎలా ఉంటుందంటే, నీలం గుడ్డ మీద కర్ర వైపు నుంచి ఒక పసుపు తాడు, అవతలి అంచు నుంచి ఇంకో పసుపు తాడు వస్తాయి. మధ్యలో రెండూ ఉచ్చుల్లా మడతపడి ఒకదాంట్లో ఒకటి దూరతాయి. అంతే, ఇంకేం లేదు. అవి జెండాను పైకి లాగే తాళ్లట! తాడు పనిముట్టు, అది జెండా మీదికి ఎక్కడమేమిటి?

నా గొడవ ఇది. ప్రపంచంలోని జెండాలన్నీ చూసిన పెద్దమనుషులు, పక్కన ఎవరైనా కూర్చుని చెబితే తప్ప అర్థం కాని జెండాను తమకు పెట్టుకున్నారేమిటి? మా ఆవిడకు చూపించి ఇదేమిటో చెప్పమన్నాను. "ఎవరిది, పెళ్లి కార్డా?" అంది. నీలం మీద పసుపుతాడు, ముడి. ఆవిడ తప్పేముంది?

కాకినాడ రేవు
మీ ఆవిడ తప్పు లేదు కానీ మీ తప్పుంది అన్నా. పదకొండేళ్లు ఓడల మీద పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఆ బొమ్మ చూడగానే నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. జెండాకు గుడ్డ ఎంతో తాడూ అంతే. తాడు లేని జెండా టేబుల్ మీద దుప్పటి.

ఇంకో సంగతి. ఏ దేశం జెండా అయినా, ఏ రంగుదైనా, పైకి వెళ్లేది ఆ తాడుతోనే. అన్ని దేశాలవాళ్లూ కూర్చునే సంఘానికి ఎవరి రంగూ, ఎవరి నక్షత్రమూ, ఎవరి చంద్రవంకా కానిది ఏదైనా కావాలంటే ఇంకేం పెడతారు? భూగోళం పెడితే ఐక్యరాజ్యసమితి, వలయాలు పెడితే ఒలింపిక్స్. మిగిలింది తాడే.

ప్లేనో ప్రసాద్
రేవు గారి మాటకు నాదో సగం ఓటు. అమెరికాలో జెండాల గొడవ అంటే మొదట గుర్తొచ్చేది టెడ్ కే. ఉత్తర అమెరికా జెండా సంఘం తరఫున ఆయన ఒక చిన్న పుస్తకం తెచ్చారు. అందులో అయిదు సూత్రాలు: సాదాగా ఉండాలి, బొమ్మకు అర్థం ఉండాలి, రెండు మూడు రంగులు చాలు, అక్షరాలూ రాజముద్రలూ వద్దు, వేరేవాటితో కలిసిపోకూడదు. పిల్లాడు చూడకుండా గీయగలగాలి అని కూడా అంటారు. ఇక్కడ చాలా రాష్ట్రాల జెండాలు నీలం గుడ్డ మీద రాజముద్ర కొట్టినవే. హైవే మీద పోతూ చూస్తే ఏది ఏ రాష్ట్రానిదో దేవుడికే తెలియాలి. ఐడహోలో పొకటెల్లో అనే ఊరి జెండా మీదైతే నినాదం, దాని కింద కాపీరైట్ ముక్క కూడా ఉండేవి! 2004లో ఆ సంఘం పెట్టిన ఓటింగ్‌లో 150 నగరాల్లో ఆఖరి స్థానం దానిదే. ఆ పరువు తక్కువకు 2017లో కొత్త జెండా పెట్టుకున్నారు.

ఆ కొలతతో చూస్తే ఫియావ్ జెండాకు రెండు రంగులే, అక్షరం ఒక్కటీ లేదు. పరీక్ష పాసే. మిగతా సగం ఓటు ఎందుకు ఆపానంటే, ఆ ఉచ్చుల దగ్గర పిల్లాడు తడబడతాడు.

ఏడో తరగతి టీచర్
పిల్లాడు తడబడతాడో లేదో ఇక్కడ మనం అనుకోవడం ఎందుకని ఈ రోజు నా క్లాసులోనే అడిగేశాను. బోర్డు మీద నీలం సుద్ద, పసుపు సుద్దలతో వేసి, ఏమీ చెప్పకుండా ఇదేమిటి అన్నాను. ఒకడు జడ అన్నాడు. ఒకడు జంతిక అన్నాడు (ఇంటర్వెల్‌కు ముందు పీరియడ్ లెండి). ముగ్గురు నలుగురు ఒకేసారి "జంట పాములు మేడం, రావిచెట్టు కింద రాళ్ల మీద ఉంటాయి కదా" అన్నారు. చివరి బెంచీలో ఒకమ్మాయి "బావి తాడు" అంది. వాళ్ల ఇంట్లో ఇంకా గిలక బావి ఉంది.

జెండా అని ఒక్కరూ అనలేదు. జెండాకర్ర గారికి ఇది పనికొస్తుందేమో.

కానీ సంగతి చెప్పిన తర్వాత బోర్డు తుడిచి, చూడకుండా గీయమన్నాను. తాళ్లు అందరూ గీశారు. ఏది పైనుంచి పోతుంది, ఏది కిందనుంచి పోతుంది అన్నదగ్గర సగానికి పైగా తప్పారు.

జెండాకర్ర
టీచర్ గారూ, మీకు దండం. నా వాదం మీరే రుజువు చేశారు. రావిచెట్టు కింద నాగప్రతిమలు చూసి పెరిగినవాడికి పాములు, మా ఇంట్లో మంగళసూత్రం, ఇంకొకరికి బావి తాడు. అంటే ఆ బొమ్మకు సొంత అర్థం లేదు, చూసేవాడి ఊరే దాని అర్థం.

తెనాలి తంటా
ఆగండాగండి. ఏ జెండాకు సొంత అర్థం ఉంది చెప్పండి? మన జెండానే తీసుకుందాం. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభల్లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి ఇచ్చింది ఎరుపు, ఆకుపచ్చ. హిందువులకు ఒకటి, ముస్లింలకు ఒకటి. మిగిలినవాళ్లందరికీ తెలుపు చేర్చమన్నారు గాంధీజీ. పదేళ్లయ్యాక 1931లో కాంగ్రెసే తీర్మానం చేసి, ఎరుపు తీసి కాషాయం పెట్టి, ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని తేల్చేసింది. కాషాయమంటే ధైర్యం, త్యాగం. తెలుపంటే సత్యం, శాంతి. ఆకుపచ్చంటే విశ్వాసం, శౌర్యం. పదేళ్ల కింద ఒక మతానికి గుర్తయిన రంగు అలాగే ఉంది, అర్థం మాత్రం మారింది.

ఇప్పుడు మీ పిల్లల్ని అడగండి టీచర్ గారూ, కాషాయమంటే ఏమిటని. టకటకా చెప్పేస్తారు. రంగు చూసి చెబుతున్నారా? కాదు, బట్టీ పట్టించాం కాబట్టి చెబుతున్నారు. ఆ తాళ్లు కూడా నలభై ఏళ్లు పాఠం చెబితే వచ్చేస్తాయి. చెబితే తప్ప తెలియదన్నది జెండా లోపం కాదు, జెండాలన్నీ అంతే.

బందరు బుల్లోడు
వెంకయ్య గారి పేరు వచ్చింది కాబట్టి అంటున్నా. జెండా శాస్త్రానికి ఇంగ్లిషులో పేరు పెట్టింది అమెరికావాడు విట్నీ స్మిత్, అదీ 1950ల చివర్లో. మా భట్లపెనుమర్రు వెంకయ్య గారు 1916లోనే ముప్పై నమూనాలతో జాతీయ జెండా మీద పుస్తకం వేశారు. ఆ శాస్త్రానికి పేరు లేనప్పుడే దాన్ని చదివిన మనిషి. నన్నడిగితే ఆ సమాఖ్య జెండా మీద తాడు బదులు ఆయన చెయ్యి ఉండాలి!

తెనాలి తంటా
బుల్లోడూ, అభిమానం మంచిదే. కానీ రాట్నం పెట్టమన్నది జలంధర్ లాలా హంసరాజ్, తెలుపు గాంధీజీ చేర్పించారు, చక్రం 1947లో వచ్చింది. ఒక్కరి చేతిలో తయారైన జెండా కాదది.

మోడరేటర్
మన జెండా ఎవరు గీశారన్న చర్చకు వేరే దారం తెరవండి. ఇక్కడ తాళ్ల సంగతే.

కాకినాడ రేవు
దారం, తాడు. మోడరేటర్ గారికి కూడా పట్టుకుంది.

ప్లేనో ప్రసాద్
ఒక్క మాట చెప్పి పోతాను, ఇది తాళ్ల సంగతే. 1947 జులై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ గారు రాట్నం ఎందుకు తీసేశారో చెబుతూ, జెండా ఒక వైపు ఎలా ఉంటుందో రెండో వైపూ అలాగే ఉండాలన్నారు. రాట్నంలో చక్రం ఒక పక్క, కదురు ఒక పక్క. వెనక నుంచి చూస్తే తిరగబడుతుంది. అశోక చక్రానికి ఆ బాధ లేదు. ఎంత పెద్ద ఆశయం ఉన్నా గుడ్డకు వెనక వైపు ఒకటుంటుంది కదా. ఈ తాళ్లకు కూడా తిరగేస్తే పోయేదేమీ లేదు, అద్దంలో చూసినట్టు మారినా అవి తాళ్లే.

కాకినాడ రేవు
గుడ్డ సంగతి ఎత్తారు కాబట్టి నీలం గురించి నేనే ఒప్పుకుంటాను, జెండాకర్ర అన్న సంతోషిస్తాడు. 2001లో మన నౌకాదళం జెండా మీద సెయింట్ జార్జ్ శిలువ (ఇంగ్లండ్ వాళ్ల ఎర్ర శిలువ) తీసేసి, తెల్ల గుడ్డ మీద నీలం చిహ్నం పెట్టారు. అది ఆకాశంలో, సముద్రంలో కలిసిపోయి కనబడటం లేదని 2004లో శిలువ మళ్లీ తెచ్చారు. (2022 సెప్టెంబరులో, కొచ్చిలో విక్రాంత్ ఓడ నౌకాదళంలో చేరిన రోజున, అది ఖాయంగా పోయింది.) కాబట్టి నీలం గుడ్డను ఆకాశంలో ఎగరేస్తే అంచు కనబడదు. రెండు పసుపు తాళ్లు గాలిలో తేలుతున్నట్టుంటాయి.

నాకైతే అది కూడా బాగానే ఉంటుందనిపిస్తుంది.

తెనాలి తంటా
తిరుమల బ్రహ్మోత్సవాల గురించి ఎవరూ అనలేదేం? ధ్వజారోహణానికి ముందు దర్భ చాప, దర్భ తాడు పనిగట్టుకుని తయారు చేయించి, ఊరేగింపుగా గుడికి తెస్తారు. చాపను ధ్వజస్తంభానికి చుడతారు, ఆ తాడుతో గరుడ పటం పైకి వెళుతుంది. గరుడుడికి దండం పెట్టేవాళ్లం మనం, తాడును కూడా ఊరేగింపుగా మోసుకొస్తాం. తాడు పనిముట్టు, జెండా మీదికి పనికిరాదు అంటున్న అన్నగారు దీనికేమంటారు?

జెండాకర్ర
ఆ ఒక్క దగ్గర దొరికాను. ఇంకోటి కూడా చెప్పేస్తాను, దాచుకుని లాభం లేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జనవరి 26న జెండా విప్పడం మా క్లాసుకు వచ్చింది. ఆగస్టు 15న అయితే కింద నుంచి పైకి లాగుతారు. జనవరిలో పైనే కట్టి ఉంచి తాడు లాగితే విప్పుకుంటుంది. ముందు రోజు సాయంత్రం బంతిపూల రేకులు పోసి మడతపెట్టి జారుముడి వేశాం. జారుముడి అనుకున్నాం. తెల్లారి ముఖ్య అతిథి లాగితే బిగుసుకుంది. ఇంకా లాగాడు, ఇంకా బిగుసుకుంది. మూడోసారి లాగేసరికి తాడే తెగి చేతికొచ్చింది. జెండా పైన మూటలాగే ఉండిపోయింది. బ్యాండు వాయించేవాళ్లు ఆపాలో వద్దో తెలియక మొదటి లైనే మళ్లీ మళ్లీ వాయించారు. చివరికి కొబ్బరిచెట్లెక్కే మనిషి కోసం సైకిల్ మీద వెళ్లాం. ఆయన పైకి పోయి మూట విప్పితే పూలన్నీ ఆయన నెత్తి మీదే పడ్డాయి.

ఆ రోజు మేం ఎవరమూ జెండా వైపు చూడలేదు. తాడు వైపే చూశాం.

అయినా నా అభిప్రాయం మారలేదు. ఇది కథ చెబితే తప్ప నిలబడని జెండానే. కథ మాత్రం బాగుంది.

ఏడో తరగతి టీచర్
బాగుంది అన్నారు కదా, ఇక మీరు కూడా చూడకుండా ఒకసారి గీయండి. మా పిల్లలు గీశారు మరి.

జెండాకర్ర
గీశాను. మూడు కాగితాలు చింపాను. ఒకటో తాడు సరిగానే వస్తోంది. రెండోది దూరేటప్పుడు తేడా కొట్టి, ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు ఉంటోంది. రేవు గారూ, రెండోది పైనుంచి వచ్చి కిందికి పోవాలా, కిందనుంచి వచ్చి పైకి పోవాలా?

కాకినాడ రేవు
కాగితం మీద తెలియదన్నా. ఇంట్లో రెండు తాడు ముక్కలు తీసుకుని చేత్తో వేసి చూడు. పసుపుతాడు మాత్రం అడక్కు.