డీజే సెట్ రికార్డ్ చేయడానికి ఏ పోర్టబుల్ రికార్డర్ తీసుకోవాలి? (ఇల్లు, క్లబ్, పెళ్లి సంగీత్)

క్యూపాయింట్:
నమస్తే అందరికీ. ఇంట్లో డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 (ల్యాప్‌టాప్‌కి తగిలించే డీజే కంట్రోలర్) వాడతాను. క్లబ్‌లో ఉండేది డీజేఎం-900 నెక్సస్2 మిక్సర్. పెళ్లి సంగీత్‌లకు వెళ్తే సౌండ్ వాళ్ల మిక్సర్. ఈ మూడు చోట్లా పనికొచ్చే రికార్డర్ ఒక్కటి కావాలి. ల్యాప్‌టాప్‌లోనే రికార్డ్ చేద్దామంటే స్ట్రీమింగ్ పాట డెక్‌లోకి రాగానే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. పైగా పెళ్లి సెట్లు నాలుగు గంటల దాకా సాగుతాయి.

చూస్తున్నవి జూమ్ హెచ్1 ఎసెన్షియల్, టాస్కామ్ డీఆర్-05ఎక్స్, డీఆర్-40ఎక్స్. 32-బిట్ ఫ్లోట్ (చాలా చిన్న, చాలా పెద్ద లెవెల్స్‌ని కూడా పట్టుకునే రికార్డింగ్ ఫార్మాట్) ఉంటే లెవెల్ చూసుకునే పనే లేదంటున్నారు, నిజమేనా?

లైన్‌ఇన్:
మోడల్ సంగతి తర్వాత. ముందు ఏ అవుట్‌పుట్ నుంచి తీస్తారో తేల్చుకోండి, దాన్ని బట్టే రికార్డర్.

900 నెక్సస్2లో రెక్ అవుట్ (రికార్డింగ్ కోసం ఇచ్చిన అవుట్‌పుట్) అని ఆర్‌సీఏ జత (ఎడమ, కుడికి ఒక్కో గుండ్రటి సాకెట్) ఉంటుంది. మాస్టర్ నాబ్ ఎంత తిప్పినా దీని లెవెల్ మారదు కాబట్టి మొదట వెతకాల్సింది అదే. ట్రిమ్ (ఛానెల్ గెయిన్), ఈక్యూ (బేస్, ట్రెబుల్ నాబ్‌లు), ఫేడర్ మార్పులు మాత్రం అందులో పడతాయి. క్లబ్ వాళ్ల సొంత రికార్డర్ దానికి అప్పటికే తగిలించి ఉంటే బూత్ అవుట్ (డీజే దగ్గరుండే మానిటర్ స్పీకర్‌కి వెళ్లేది) నుంచి తీయొచ్చు. కానీ మానిటర్ సౌండ్ కోసం మధ్యలో ఎవరైనా బూత్ నాబ్ తిప్పితే రికార్డింగ్ కూడా దానితోపాటే ఎక్కి దిగుతుంది.

ఎఫ్‌ఎల్‌ఎక్స్4కి రెక్ అవుట్ లేదు, ఉన్నది మాస్టర్ ఆర్‌సీఏ ఒక్కటే. ఎడమకొకటి, కుడికొకటి చొప్పున రెండు ఆర్‌సీఏ వై-స్ప్లిటర్లు పెట్టి ఒక జత స్పీకర్‌కి, ఇంకో జత రికార్డర్‌కి ఇవ్వండి. లైన్ ఇన్‌పుట్‌లకు ఇంపెడెన్స్ ఎక్కువ కాబట్టి ఇలా పంచితే సౌండ్ చెడదు. రెండు అవుట్‌పుట్‌లను వై-కేబుల్‌తో ఒకదాంట్లోకి కలపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఇక్కడ మాస్టర్ నాబ్ రికార్డింగ్ లెవెల్‌ని కూడా మారుస్తుంది. దాన్ని ఒకచోట ఉంచేసి వాల్యూమ్ స్పీకర్ దగ్గర సర్దుకోండి.

ఇక లెవెల్. ఆర్‌సీఏ వైపు మామూలు ప్రమాణం −10 డీబీవీ, అంటే దాదాపు 0.32 వోల్ట్. ప్రో మిక్సర్ ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల కనెక్టర్) ప్రమాణం +4 డీబీయూ, అంటే 1.23 వోల్ట్. తేడా సుమారు 12 డీబీ. పీక్స్ దానికి ఎంతో పైకి పోతాయి. ఈ సిగ్నల్‌ని మైక్ కోసం చేసిన 3.5 ఎంఎం జాక్‌లోకి తోస్తే, డిజిటల్‌గా మారకముందే ఇన్‌పుట్ సర్క్యూట్‌లో సౌండ్ పగిలిపోతుంది (క్లిప్ అవుతుంది). 32-బిట్ ఫ్లోట్ దాన్ని కాపాడలేదు. డీజే మిక్సర్‌లోనే ఛానెల్ మీటర్ రెడ్‌లో నిలబడినా అంతే. ఫ్లోట్ వల్ల లాభం ఒక్కటే: కన్వర్టర్ దాకా శుభ్రంగా వచ్చిన సిగ్నల్‌ని తర్వాత ఎంత తగ్గించినా పెంచినా ఏమీ పోదు. కాబట్టి లెవెల్ చూసుకునే పని తప్పదు.

ఇల్లు, క్లబ్ వరకే అయితే డీఆర్-05ఎక్స్ చాలు. పెళ్లిళ్లు కూడా ఉన్నాయన్నారు కాబట్టి నా ఓటు డీఆర్-40ఎక్స్‌కే. అందులో ఎక్స్‌ఎల్‌ఆర్/6.35 ఎంఎం కాంబో జాక్‌లు రెండు ఉన్నాయి, పక్కన స్విచ్‌ని లైన్ మీద పెడితే +4 సిగ్నల్ నేరుగా తీసుకుంటుంది. ఆ స్విచ్ మైక్+ఫాంటమ్‌లో (మైక్‌కి కరెంట్ పంపే స్థానం) ఉండిపోతే మిక్సర్ అవుట్‌పుట్‌లోకి 48 వోల్ట్‌లు వెళ్తాయి. కేబుల్ పెట్టే ముందే చూసుకోండి. దీనికి 3.5 ఎంఎం ఇన్‌పుట్ లేదు. రెక్ అవుట్ నుంచి తీయాలంటే ఆర్‌సీఏ నుంచి 6.35 ఎంఎం మోనో పిన్‌కి వెళ్లే కేబుల్ జత కొనండి.

జనరేటర్_హమ్:
పెళ్లి విషయంలో అసలు చిక్కు వేరే ఉంది. యాంకర్ మైక్ సాధారణంగా సౌండ్ వాళ్ల మిక్సర్‌లోకి వెళ్తుంది, మీ మిక్సర్‌లోకి రాదు. అప్పుడు రెక్ అవుట్ నుంచి తీస్తే పాటలు ఉంటాయి, "వధూవరులు స్టేజ్ మీదికి రావాలి" అన్న మాట ఉండదు. అది కూడా కావాలంటే సౌండ్ ఇంజనీర్‌ని మర్యాదగా అడిగి ఖాళీ ఆక్స్ జత (మిక్సర్‌లో విడిగా పంపుకునే అవుట్‌పుట్‌లు) మీద పోస్ట్-ఫేడర్‌గా (ఫేడర్ లెవెల్ కూడా పడేలా) డీజే ఛానెళ్లు, యాంకర్ మైక్ పంపించుకోండి. స్టేజ్ సర్దుతున్నప్పుడే అడగాలి, అతిథులు వచ్చాక ఆయనకు తీరదు.

జనం అరుపులు కూడా కావాలనుకుంటే 40ఎక్స్‌లో నాలుగు ఛానెళ్ల మోడ్ ఉంది. లైన్ ఒక ఫైల్‌గా, సొంత మైకులు ఇంకో ఫైల్‌గా పడతాయి. సబ్‌వూఫర్ ఎదురుగా పెట్టొద్దు, బేస్‌కే మైకుల్లో సౌండ్ పగులుతుంది. స్పీకర్‌కి 10 మీటర్ల దూరంలో ఉంటే మైక్ ఫైల్ సుమారు 29 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. ఎడిటింగ్‌లో దాన్ని ముందుకు జరిపి, లైన్ కంటే 12–15 డీబీ తగ్గించి కలపండి. జరపకపోతే కిక్ రెండుసార్లు కొట్టినట్టు వినిపిస్తుంది.

హమ్: రికార్డర్‌ని ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి తగిలించి నడిపితే గ్రౌండ్ లూప్ పడి (ఎర్త్ రెండు దారుల్లో కలిసి) 50 హెర్ట్జ్ గుయ్యిమంటుంది. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్ హాల్లో ఇంకా ఎక్కువ. బ్యాటరీలు వేయండి, లేదా వేరే పవర్ బ్యాంక్ వాడండి. 40ఎక్స్‌కి డబుల్-ఏ సెల్స్ మూడు కావాలి. రీఛార్జబుల్ అయితే మెనూలో బ్యాటరీ రకం కూడా మార్చండి, లేకపోతే మీటర్ తప్పు చూపిస్తుంది. అప్పటికీ హమ్ పోకపోతే సిగ్నల్ దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఐసోలేటర్ పెట్టండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసే అలవాటు చాలామందికి ఉంది. అది ప్రాణాల మీదికి తెస్తుంది, చేయొద్దు.

క్యూపాయింట్:
థాంక్స్ అన్నా, 40ఎక్స్‌కే ఫిక్స్ అవుతున్నా. నాలుగు గంటలు ఒకే ఫైల్‌గా వస్తుందా? ఇంకో డౌట్: ఫ్రెండ్ 3.5 ఎంఎం రికార్డర్‌లో తీసిన సెట్ హెడ్‌ఫోన్స్‌లో ఏదో తేడాగా ఉంది, చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో అయితే దాదాపు వినబడట్లేదు. ఎందుకలా?

వేవ్‌ఫైల్:
రెండోది ముందు చెప్తాను. ఆయన మిక్సర్ ఎక్స్‌ఎల్‌ఆర్ ఒక్కటి తీసుకుని బ్యాలెన్స్‌డ్ కేబుల్‌తో 3.5 ఎంఎం స్టీరియో జాక్‌లో పెట్టి ఉంటారు. బ్యాలెన్స్‌డ్ లైన్‌లో ఒక తీగ సిగ్నల్, రెండోది దానికి తలకిందులు. రికార్డర్ వాటిని ఎడమ, కుడి అనుకుంటుంది. మోనో స్పీకర్‌లో రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఫైల్ పోలేదు: ఆడాసిటీలో (ఉచిత ఆడియో ఎడిటర్) స్టీరియో ట్రాక్‌ని రెండు మోనోలుగా విడదీసి, ఒకదాన్ని డిలీట్ చేసి ఎక్స్‌పోర్ట్ చేయమనండి. సెట్ మోనోలో మిగులుతుంది.

ఫైల్ సైజు: 24-బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ గంటకు 1.04 జీబీ. 2 జీబీ దగ్గర ఫైల్ మార్చే రికార్డర్ అయితే సుమారు 2 గంటలకు ఒక ముక్క. వాటిని ఆడాసిటీలోనో రీపర్‌లోనో వరుసగా అంటించుకోండి. నాలుగు ఛానెళ్లయితే సైజు రెట్టింపు, 32 జీబీ కార్డ్ అయినా ధారాళంగా సరిపోతుంది. కార్డ్‌ని కంప్యూటర్‌లో కాకుండా రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి. ఆటో లెవెల్, లిమిటర్, లో-కట్ (బేస్ తగ్గించేది) ఆఫ్ చేయండి. ఆటో లెవెల్ ఉంటే బ్రేక్‌డౌన్‌లో (బీట్ ఆగే చోట) వాల్యూమ్ పెరిగి, డ్రాప్ (బీట్ మళ్లీ) పడగానే కుంగిపోతుంది. మీ సెట్‌లో అన్నిటికన్నా బిగ్గరగా ఉండే పాట, అన్ని ఈక్యూలూ మధ్యలో ఉంచి ప్లే చేసి, పీక్స్ −12 డీబీ దగ్గర ఆడేలా పెట్టండి. రాత్రి ముదిరేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంది, ఆ జాగా అందుకే. సెట్ మొదలవగానే హోల్డ్ స్విచ్ (బటన్‌లు లాక్ చేసేది) వేయండి.

ముగిశాక స్టాప్ నొక్కి, స్క్రీన్ మామూలు స్థితికి వచ్చాకే బ్యాటరీ తీయాలి. మధ్యలో పవర్ పోతే హెడర్ (ఫైల్ మొదట్లో ఉండే వివరాలు) పూర్తిగా రాయబడక ఫైల్ ప్లే కాకపోవచ్చు. అప్పుడు అదే కార్డ్ మీద ఇంకేమీ రికార్డ్ చేయొద్దు. ఫైల్ సైజు సున్నా కాకపోతే కాపీ చేసుకుని, ఆడాసిటీలో రా డేటాగా ఇంపోర్ట్ చేయండి: సైన్డ్ 24-బిట్ పీసీఎం, లిటిల్ ఎండియన్, 2 ఛానెల్స్, 48000. పాటకు బదులు బుస్సుమని శబ్దమే వస్తే ఆఫ్‌సెట్‌ని (మొదట్లో వదిలేసే బైట్ల సంఖ్య) 1 బైట్, 2 బైట్లు మార్చి చూడండి. ఒక్కో శాంపిల్ 3 బైట్లు కాబట్టి 0, 1, 2 అనే ఈ మూడింట్లో ఒకదాంతో పాట వినబడుతుంది.